తొమ్మిదో పటాలం రాసిన మా బావ

మా బావ పోయాడని నాకు మొదట చెప్పింది మా అక్క కాదు, మా కాలేజీ గేటు దగ్గరి వాచ్‌మన్. ఆ పొద్దున నేను బస్సు దిగి నడిచి వస్తుంటే ఆయన కుర్చీలోంచి లేచి ఎదురొచ్చాడు. చేతిలో ఫోన్ ఉంది.

"సార్, రైటర్ సారు పోయిండట గదా," అన్నాడు.

మా కాలేజీలో రైటర్ సారు అంటే నేను. అక్కడ తెలుగు చెప్తాను. మూడు కథల పుస్తకాలు అచ్చు వేయించుకున్నాను. ఆయన ఎవరి గురించి అంటున్నాడో కాసేపు అర్థం కాలేదు. ఫోన్ నా ముందు పెట్టాడు. బేగంబజార్‌లో మా బావ నడిపే స్టీలు సామాన్ల దుకాణం గుమాస్తా, బావ నవల పాఠకుల గ్రూపులో రెండు ముక్కలు రాశాడు. ఆస్పత్రిలో గుండె ఆగిపోయిందని. దాని కింద అప్పటికే ఎంతోమంది చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. నా సంచిలోంచి ఫోన్ తీసి చూస్తే మా అక్క మళ్లీ మళ్లీ చేసి ఉంది. బస్సులో లొల్లి ఎందుకని ఫోన్ నోరు నేనే మూసి పెట్టుకున్నాను.

నేను అక్కకు ఫోన్ కలుపుతుంటే పక్కన వాచ్‌మన్ కళ్లు తుడుచుకుంటున్నాడు. ఆయన మా బావను ఒక్కసారి కూడా చూడలేదు. నా కళ్లలో ఇంకా నీళ్లు రాలేదు. ఆ నిమిషాన నాకు కలిగింది దుఃఖం కాదు. మా బావ చావుకు నాకన్నా ముందు ఇంకొకరు ఏడవడమేమిటన్న ఉడుకు. బతికి ఉన్నప్పుడు ఆయన నాలో రాజేసిన ఆ మంట, ఆయన పోయిన కబురుతో కూడా ఆరలేదు.

మీలో చాలామంది ఆయన్ని "తొమ్మిదో పటాలం" రచయితగా ఎరుగుదురు. నేను మాత్రం అంతకు చాలా ముందునుంచి ఎరుగుదును. మా అక్క పెళ్లిచూపులకు ఆయన మా కార్వాన్ ఇంటికి వచ్చినప్పుడు నేను డిగ్రీ చదువుతున్నాను. గదిలో అందరూ పిల్లని చూస్తుంటే ఆయన గోడకున్న నా ఎన్‌సీసీ ఫొటో చూశాడు. వెళ్లేటప్పుడు నన్ను పక్కకు పిలిచి, "నీకు రైఫిల్ ఇచ్చిన్రా? మూతి ఎంత బరువుంటది?" అని అడిగాడు. మా అక్క గురించి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఆ సంగతి ఆమె ఈరోజు వరకూ క్షమించలేదు.

ఆయనకు సైన్యంలో చేరాలని ఉండేదట. కుర్రతనంలో భర్తీకి వెళితే పాదాలు చదునుగా ఉన్నాయని పంపేశారు. వాళ్ల నాన్న సంతోషంగా తీసుకొచ్చి దుకాణంలో గద్దె మీద కూర్చోబెట్టాడు. ఆ తర్వాత ఆయన జీవితమంతా గిన్నెలు, టిఫిన్ డబ్బాలు, పెళ్లిళ్ల సీజన్లో పెద్ద పెద్ద డేగిసాలు. కాని పొద్దున షట్టర్ పైకి లేస్తున్నంతసేపూ ఆయన రెండు చేతులూ తొడలకు ఆనించి నిటారుగా నిలబడేవాడు. షట్టర్ పైన ఠక్కుమని తగిలాకే చెప్పులు విడిచి లోపలికి అడుగు పెట్టేవాడు. బేగంబజార్ హమాలీలు దాన్ని చూసి నవ్వేవాళ్లు. వాళ్లతో పాటు ఆయనా నవ్వేవాడు, నిలబడటం మాత్రం మానలేదు.

నా మొదటి పుస్తకం వచ్చినప్పుడు ఎక్కువ ప్రతులు కొన్నది ఆయనే. దసరాకు కుక్కర్ కొన్న ప్రతివాళ్లకూ ఒక పుస్తకం కలిపి ఇచ్చాడు. వద్దన్నవాళ్లకు కూడా సంచిలో వేశాడు. "మా బామ్మర్ది రాసిండు, తీస్కపోండ్రి, ఖరాబయ్యేది గాదు," అనేవాడు. ఆయన మాత్రం చదవలేదు. ఒకసారి అడిగాను.

"షురూ జేసిన," అన్నాడు. "మంచిగుంది. గని ఆమె కిటికీల నిలబడ్డది. రెండు పేజీలైంది, ఇంక కిటికీలనే ఉన్నది. నాకు గిరాకొచ్చింది."

ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. విమర్శకులు నా కథల్ని పొగిడింది సరిగ్గా ఆ కిటికీ గురించే.

లాక్‌డౌన్ తర్వాత వ్యాపారం మెల్లగా లేస్తున్న రోజుల్లో ఆయన రాయడం మొదలుపెట్టాడు. ఎవరితోనూ చెప్పలేదు. ఫోన్‌లో కథలు చదివే యాప్ ఒకటుంది, అందులో పెట్టడం వాళ్ల గుమాస్తా నేర్పాడు. మా బావకు తెలుగు టైపింగ్ రాదు. గిరాకీ లేనప్పుడు ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని చెప్పేవాడు, అదే అక్షరాలు చేసుకునేది. ఒక మధ్యాహ్నం నేను దుకాణానికి వెళ్లేసరికి ఆయన గద్దె మీద కళ్లు మూసుకుని మాట్లాడుతున్నాడు.

"మల్లిక తలుపు దిక్కు నడిచింది. అవుతల ఎవరో ఉన్నరు. మల్లిక తుపాకి ఎత్తి... అరే భాయ్, వో బడా పతీలా ఉతారో, పీఛే వాలా... ఎత్తి గురి పెట్టింది."

ఆ పతీలా అలాగే అచ్చయింది. పతీలా అంటే బేగంబజార్‌లో వంటగిన్నె. యాప్‌లో చదివినవాళ్లు అది ఓడలోని ఫిరంగి పేరనుకున్నారు. ఇంతకీ పతీలా పేలుతుందా లేదా అని అడగడం మొదలుపెట్టారు. నేనైతే సిగ్గుతో దిద్దేవాణ్ణి. ఆయన తర్వాతి భాగంలో పతీలాకు ఒక గది కట్టించి, దానికి రెండు తాళాలు వేయించాడు.

నవల సంగతి తెలియనివాళ్ల కోసం నాలుగు మాటలు చెప్తాను. భూమి నుంచి ఒక సైనికుల ఓడ యుద్ధానికి బయల్దేరుతుంది. చేరాల్సిన చోటు ఎంత దూరమంటే, మామూలుగా బతికితే ఎవరూ చేరలేరు. అందుకని పటాలం మొత్తం మంచుపెట్టెల్లో నిద్రపోతుంది. ఒక్కరు మాత్రం మేలుకుని ఏడాదిపాటు కాపలా కాస్తారు. ఏడాది కాగానే తర్వాతివాళ్లను లేపాలి. లేచినవాళ్లూ, పడుకోబోయేవాళ్లూ కలిసి ఉండేది ఒక్క రోజు. ఆ ఒక్క రోజులో ఏడాది సంగతులన్నీ అప్పజెప్పాలి. వెనకాల శత్రువుల ఓడ ఒకటి వస్తుంటుంది. వీళ్లు మెల్లగా పోతే అదీ మెల్లగా వస్తుంది. వేగం పెంచితే అదీ పెంచుతుంది. ఎప్పుడూ అంతే దూరం. ఇక మొదటి భాగం చివర హవల్దార్ మల్లిక వంతు వస్తుంది. పెట్టె తెరుచుకుంటుంది. ఆమె కళ్లు తెరుస్తుంది. లేపాల్సినవాడు ఎదురుగా లేడు. ఓడ మొత్తం వెతుకుతుంది. ఎక్కడా లేడు. మరి ఆమె పెట్టె మూత తీసిందెవరు?

నేను దాన్ని తప్పులు పట్టడానికే మొదలుపెట్టాను. మా అక్క ఫోన్ చేసి, "తమ్మీ, మీ బావ ఏందో రాస్తున్నడట, బజారంత చదువుతున్నరు, నువ్వు జెర చూడు," అంటే, కాలేజీకి పోతూ బస్సులో తెరిచాను. మొదటి పేరాలోనే నాలుగు అక్షరదోషాలు కనిపించాయి, మనసు కుదుటపడింది. ఆ తర్వాత దోషాలు లెక్కపెట్టడం ఎక్కడ ఆపేశానో తెలియదు. తలెత్తి చూసేసరికి బస్సు ఆఖరి స్టాపులో ఖాళీగా నిలబడి ఉంది. కండక్టరు నన్నే చూస్తున్నాడు. నా స్టాపు ఎప్పుడో దాటిపోయింది.

ఆ రోడ్డు మీద నిలబడి తిరుగు బస్సు కోసం చూస్తూ నేను పడ్డ కడుపుమంట మాటల్లో చెప్పలేను. నా కథలు చదివి ఎవరూ బస్సు స్టాపు దాటిపోలేదు. నాకు తెలిసి ఎవరికీ టీ కూడా చల్లారలేదు. నేను ఒక్కో వాక్యాన్ని నెలల తరబడి చెక్కుతాను. ఈయన గిన్నెలు దించమని అరుస్తూ మధ్యలో ఒక మనిషిని మాయం చేశాడు, నేను వాడి వెనక ఊరి చివరిదాకా పోయాను.

ఆ వారమే క్లాసులో వెనక బెంచీ అమ్మాయి ఒకతె డెస్కు కింద ఫోన్ పెట్టుకుని చదువుతోంది. వెళ్లి ఫోన్ అడిగాను. తలవంచుకుని ఇచ్చింది. చూస్తే తొమ్మిదో పటాలం. అంతకన్నా ఘోరం, ఆమె నాకన్నా రెండు భాగాలు ముందుంది. తెర మీద కనబడ్డ వాక్యం చదివేశాను. అప్పటిదాకా నేను దాచుకున్న ఊహ ఒకటి అక్కడికక్కడే పగిలిపోయింది.

"సార్, జెప్పొద్దనుకున్న, మీరే చూసిన్రు," అంది ఆ అమ్మాయి జాలిగా.

నా కథ ఒకటి వాళ్ల ఉపవాచకంలో ఉంది. ఆ పుట తెరిచే ఉంది డెస్కు మీద, ఫోన్‌కు అడ్డంగా.

ఈ నవలకు అంత పట్టు ఎక్కడిదని నేను చాలాకాలం ఆలోచించాను. ఆలోచించడం కూడా కుళ్లుతోనే. దొంగ ఏ కిటికీలోంచి వచ్చాడో ఇంటివాడు వెతికినట్టు వెతికాను. తుపాకులూ ఓడలూ చాలా నవలల్లో ఉంటాయి. ఈయన యుద్ధంలో కాల్పులు అతి తక్కువ. ఒకసారి ఆ మాటే అడిగాను. చాయ్ సాసర్‌లో పోసుకుంటూ చెప్పాడు.

"కాల్చుడు ఒక్క నిమిషం బామ్మర్ది. కాపలా జిందగీ. నాకు కాల్చుడు రాదు. కాపలా తెలుసు. నలభై ఏండ్లసంది గద్దె మీద కూసున్న."

అందుకే కాబోలు, ఆ నవలను ముందుగా పట్టుకున్నది కాపలా వాళ్లే. ఏటీఎం ముందు కూర్చునేవాళ్లు, ఆస్పత్రుల్లో నైట్ డ్యూటీ నర్సులు, డిపోలో ఆఖరి బస్సు కోసం ఉండిపోయే కండక్టర్లు. వెళ్తూ వెళ్తూ డ్యూటీ అప్పజెప్పడం అంటే ఏమిటో వాళ్లకు తెలుసు. ఒకరు అలసిపోయి, ఇంకొకరు నిద్రమొహంతో, ఇద్దరికీ మధ్య అయిదు నిమిషాల మాటలు. ఆ అయిదు నిమిషాల్ని మా బావ ఒక్క రోజు చేశాడు. పడుకోబోయేవాడు వచ్చే జన్మకు చెప్పినట్టు చెప్తాడు. లేచినవాడు సగమే వింటాడు. ఆ వినని సగంలోంచి తర్వాతి ప్రమాదం పుడుతుంది. కిటుకంతా అదేనని నాకు అర్థమైంది. అర్థమైనా నా చేతికి రాలేదు.

పాతబస్తీలో తెలుగు చదవడం రానివాళ్లు కూడా దాని వెంట పడ్డారు. దుకాణం పక్క సందులో చాయ్ బండి నడిపే ముసలాయనకు హమాలీలు వారం వారం కథ ఉర్దూలో చెప్పేవాళ్లు. నేను వెళ్తే, ఇంటి మనిషివి కదా, ఆ మాయమైనవాడు ఎటు పోయాడో చెప్పమని ఆయన నన్ను నిలదీసేవాడు. "ఆప్ తో ఘర్ కే ఆద్మీ హై. బోలో, వో గయా కిధర్?" నాకు తెలియదంటే నమ్మేవాడు కాదు. నాకు నిజంగానే తెలియదు. మా బావ నాతో కూడా చెప్పేవాడు కాదు. "నాకే తెల్వదు," అనేవాడు. "నాకు తెలిస్తే వాళ్లకు ముందే తెలుస్తది. దుకాణందారు మొఖం చూస్తే గిరాకికి ధర తెల్వదా?"

కథ కొంత దూరం నడిచాక నాకొక అనుమానం వచ్చింది. ఓడలో పంతులు హవల్దార్ అని ఒకడు ప్రవేశించాడు. తన వంతు ఏడాదిలో, కాపలా వాళ్లు ఒకరికొకరు రాసి పెట్టే మాటల్లో వ్యాకరణం దిద్దుతాడు. వెనకాల శత్రువు ఓడ వస్తుంటే కూడా, "వచ్చుచున్నది కాదు, వస్తున్నది అనవలెను" అని గోడమీద రాసి పెడతాడు. మల్లికకు వాడంటే చిరాకు. పాఠకులకు వాడంటే ప్రాణం. నేను దుకాణానికి వెళ్లి సూటిగా అడిగాను.

"బావా, ఆ పంతులు నేనేనా?"

ఆయన దాచలేదు. "నువ్వే."

"నేను గట్ల ఉంటనా?"

"గట్లనే ఉంటవ్. ఏమైతది? ఓడల అందరు నిద్రపోతున్నరు. ఒక్కడన్న అక్షరం మీద నిగా పెట్టెటోడు ఉండొద్దా?"

నేను చాయ్ తాగకుండా లేచి వచ్చాను. దారిలో గుమాస్తా ఎదురై, "సార్, పంతులు సచ్చిపోడు గదా?" అని ఆత్రంగా అడిగాడు. నా గురించి నన్నే అడుగుతున్నాడని పాపం వాడికి తెలియదు. నా మూడు పుస్తకాల్లో నేను సృష్టించిన ఏ మనిషి బతుకు గురించీ ఎవరూ అంత ఆత్రంగా అడగలేదు. నన్ను చూసి ఇంకొకరు గీసిన బొమ్మకు నాకన్నా ఎక్కువ అభిమానులు.

పోయిన చలికాలం ఆయన గుండె బలహీనపడింది. మెట్లెక్కితే ఆయాసం. దుకాణం గుమాస్తాకూ అక్కకూ వదిలి ఇంటిపట్టున ఉన్నాడు. మాట మాటకూ ఊపిరి తెగేసరికి ఫోన్‌కు ఆయన మాట అర్థం కావడం మానేసింది. ఒకరోజు అక్క నన్ను పిలిచింది.

"తమ్మీ, నువ్వొచ్చి రాసిపెట్టు. రాయకుంటే ఆయన ఊకుంటలేడు. పొద్దంత ఫికర్ జేస్తున్నడు."

అలా నేను ఆయనకు రాతగాణ్ణి అయ్యాను. కాలేజీ అయ్యాక వెళ్లేవాణ్ణి. ముందు గదిలో చెక్క కుర్చీలో దిండు ఆనించుకుని కూర్చునేవాడు. చెప్పబోయే ముందు చొక్కా గుండీ పైదాకా పెట్టుకునేవాడు. నేను కింద కూర్చుని ఫోన్‌లో కొట్టేవాణ్ణి. మొదటి రోజే తగువు.

"మల్లిక అడిగింది, ఎవలు అని. రాసినవా?"

"రాసిన. ఎవరు అని."

"నేను ఎవలు అన్న."

"అచ్చులో ఎవరు అనే ఉండాలె బావా."

"ఓడల అచ్చు లేదు. ఆమె ఒక్కతే ఉన్నది, భయమైతున్నది. భయమైనప్పుడు ఎవలు అంటది."

దిద్దాను. దిద్దుతూనే ఆయన చెప్పింది సరైనదని తెలిసి మరింత మండింది.

ఆ సాయంత్రాల్లో నేను ఆయనను బాగా దగ్గరగా చూశాను. కళ్లు మూసుకుంటే ఆయన ఆ ఓడలోకి నిజంగా వెళ్లిపోయేవాడు. ఒకసారి మల్లిక చీకటి దారిలో నడుస్తుంటే ఆయన కాళ్లు నేలమీద మెల్లగా కదిలాయి. చదునైన ఆ పాదాలు, భర్తీలో పనికిరాని పాదాలు. అక్క వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడి వినేది. ఆమె పప్పు మాడబెట్టింది అప్పుడే. ముప్ఫై ఏళ్ల కాపురంలో తన భర్త మాట అంత శ్రద్ధగా వినడం అదే మొదటిసారని ఆమె తర్వాత నాతో అంది. నా కథ ఒకటి రేడియోలో వస్తే ఆమె ఆ టైముకు కూరగాయలకు పోయింది.

ఒకరోజు ఆయన ఆగిపోయాడు. మాయమైనవాడు ఇంకా బతికే ఉన్నాడని మల్లికకు తెలియాలి. ఎలా తెలియాలో తోచలేదు. కాసేపు కళ్లు మూసుకుని, తెరిచి, నన్ను చూశాడు.

"నువ్వైతే ఏం జేస్తవ్?"

అన్నేళ్లలో నన్ను రాత గురించి ఆయన అడగడం అదొక్కసారే. గొంతు సవరించుకున్నాను. "బయటినుంచి గోడ మీద కొడతాడు బావా. మూడుసార్లు. ఆగి, మళ్లీ మూడుసార్లు. ఆమె లోపలినుంచి చెయ్యి ఆనిస్తుంది. కొట్టదు. ఊరికే ఆనిస్తుంది."

ఆయన అరచెయ్యి చాచి కుర్చీ పక్క గోడకు ఆనించి చూశాడు. ఆ తర్వాత, "రాయి. నువ్వు జెప్పినట్టే రాయి. ఒక్క అక్షరం మార్చకు," అన్నాడు.

ఆ భాగం యాప్‌లో పెట్టిన సాయంత్రం పాఠకులు వెర్రెత్తిపోయారు. ఆ చెయ్యి ఆనించడం గురించి ఒకామె తన డ్యూటీ గదిలో కూర్చుని ఏడ్చానని రాసింది. మా బావ కింద జవాబు రాయించాడు: "ఇది మా బామ్మర్ది జెప్పిండు." అందరూ నవ్వు బొమ్మలు పెట్టారు. పంతులు హవల్దార్ తన బామ్మర్దేనని ఆయన గ్రూపులో అప్పటికే చెప్పి ఉన్నాడు కనుక, పంతులు చెప్పాడన్న హాస్యంగా తీసుకున్నారు. ఒక్కరూ నమ్మలేదు. నా వాక్యం మీద నేనే అసూయపడ్డ రోజు అది.

"చూసినవా, ఎంతమందో," అన్నాడు ఆయన ఫోన్ నాకు చూపిస్తూ. ఆయన మొహంలో గర్వం ఉంది. అది నాకోసమో తనకోసమో ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను.

ఆ తర్వాత కొద్దిరోజులకే ఆస్పత్రి. నవల ముగియలేదు.

పదకొండో రోజు బావ ఇంటి ముందు షామియానా వేశాం. బంధువులం కొద్దిమందిమే అనుకున్నాం. పదకొండయ్యేసరికి సందు నిండిపోయింది. యూనిఫాంలోనే వచ్చిన కండక్టరమ్మలు ఇద్దరు, వాచ్‌మన్‌లు, తలమీద రుమాలు కట్టుకున్న హమాలీలు, చాయ్ బండి ముసలాయన. వంటవాళ్లకు అన్నం మళ్లీ ఎక్కించమని చెప్పాల్సి వచ్చింది. వాళ్లలో చాలామందికి మా అక్క తెలియదు. కాని అందరూ నన్ను గుర్తుపట్టారు.

"పంతులు హవల్దార్ మీరేనట గదా సార్?" అని పెద్ద కండక్టరమ్మ నమస్కారం పెట్టింది. "సార్ మాకు గ్రూపుల జెప్పిండు. మీరు లేకుంటే ఓడ దారి తప్పుతదన్నడు. ఇగ మీరే గదా, మిగిలిన కథ జెప్పాలె."

నేను ఏదో గొణిగి లోపలికి వెళ్లాను. అక్క గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. పక్కన కూర్చుని మెల్లగా అడిగాను. "అక్కా, ఆఖరున ఏమైతదో బావ నీతోనన్న చెప్పిండా?"

ఆమె తల ఊపింది. "చెప్పిండు తమ్మీ. ఆస్పత్రిల, మధ్యాహ్నం. నా చెయ్యి వట్టుకొని షురూ నుంచి జెప్పిండు."

నేను ఇంకా దగ్గరికి జరిగాను. ఇన్నాళ్లూ నాకు చెప్పనిది ఆమెకు చెప్పాడు. "ఏం జెప్పిండు?"

"ఆ పోయినోడు ఓడ బయటనే ఉన్నడట. ఎందుకు పోయిండంటే, ఎన్క వచ్చే ఓడల..." అని ఆగింది. ఆమె కళ్లు నిండాయి. "అప్పటికే నాలుగు దినాలసంది నిద్ర లేదు తమ్మీ. వినుకుంట వినుకుంట కన్ను మలిగింది. లేసేవరకు ఆయన గూడ పండుకున్నడు. మల్ల అడుగుదామనుకున్న."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఆ కబురు విన్నప్పటినుంచీ రాని ఏడుపు అప్పుడొచ్చింది. ఏడుస్తూ కూడా, ఆమె విన్న ఆ సగం మీద ఆశ చావలేదు. రెండుసార్లు మళ్లీ అడిగాను. అంతకుమించి ఆమెకు గుర్తు లేదు.

ఆ నెలంతా కూర్చుని ముగింపు రాశాను. నాకు చేతనైనంత బాగా రాశాను. వెనక వచ్చే ఓడ శత్రువులది కాదనీ, తమకన్నా ముందు బయల్దేరి దారి తప్పిన తమవాళ్లదేననీ తేల్చాను. అక్క దగ్గర కూర్చుని చదివి వినిపించాను. ఆమె చివరిదాకా కదలకుండా వింది. పొయ్యి మీద ఏమీ మాడలేదు.

"మంచిగ రాసినవ్ తమ్మీ," అంది. "మస్తుంది. గని ఇది నీది. ఇందుల అందరు మంచిగ మాట్లాడుతున్నరు."

నేను దాన్ని పెట్టలేదు. మా బావ నాతో చివరగా చెప్పించిన భాగం ఒకటి నా ఫోన్‌లో ఉండిపోయింది, దాన్నే పెట్టాను. ఎవలు అన్నచోట ఎవలు అనే ఉంచాను. ఊపిరి తెగి ఆయన వదిలేసిన వాక్యాన్ని అక్కడే వదిలేశాను. కింద, కథ ఇంతవరకే ఉంది, చెప్పినాయన వెళ్లిపోయారు అని ఒక మాట రాశాను. కోపాలొచ్చాయి, ఏడుపులొచ్చాయి, ఎవరికి తోచిన ముగింపు వాళ్లు రాసి పెట్టడం మొదలైంది. ఇప్పటికీ రాస్తూనే ఉన్నారు. నా రాత బల్ల మీద సగం రాసిన కథ ఒకటి ఉంది. దాన్ని పక్కన పెట్టి నేను అవన్నీ చదువుతున్నాను.

మొన్న అక్క దుకాణం తెరిచింది. తోడుగా నేనూ వెళ్లాను. బేగంబజార్ ఎప్పటిలాగే కిక్కిరిసి ఉంది. లారీలోంచి సరుకు దిగుతోంది. దుకాణానికి ఎదురుగా ఇద్దరు హమాలీలు ఆగిపోయి ఉన్నారు. ఒకడి నెత్తిమీద గిన్నెల మూట అలాగే ఉంది, దాన్ని ఒక చేత్తో పట్టుకున్నాడు. రెండోవాడు వాడి కళ్లముందు ఫోన్ పెట్టి వేలితో మెల్లగా పైకి జరుపుతున్నాడు. వెనక ఆటోవాడు హారన్ కొడుతున్నాడు. లారీ మీదినుంచి ఎవరో తిడుతున్నారు. వాళ్లిద్దరికీ అదేమీ వినబడటం లేదు. ఉన్నట్టుండి మూట కింద ఉన్నవాడు పకపకా నవ్వాడు, నెత్తిమీద గిన్నెలన్నీ గలగలమన్నాయి. ఏ వాక్యం దగ్గర నవ్వాడో చూద్దామని నేను గబగబా రోడ్డు దాటి వాళ్ల భుజం మీదినుంచి తొంగిచూశాను. తొమ్మిదో పటాలమే. అప్పటికే రెండోవాడి వేలు ఫోన్ మీద జరిగిపోయింది.